మా ఇంటి సంగతులు: ఒక మోర్మన్ అమ్మని తరచుగా అడిగే ప్రశ్నలు

మేము అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవోలో ఉంటాం. వచ్చి 11 ఏళ్ళయింది. నేను పుట్టి పెరిగింది సికింద్రాబాదులో. మాకు నలుగురు పిల్లలు. పెద్దవాడికి 17, తర్వాత ఇద్దరు ఆడపిల్లలకి 13, 10, ఆఖరివాడికి 5. ఊళ్ళో బంధువులు, ఇక్కడికి కొత్తగా ఉద్యోగాల మీద వచ్చే తెలుగువాళ్ళు, పార్కులో కలిసే అమ్మలు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. పొయ్యి మీద కూర పెట్టి, చెవిలో ఫోన్ పెట్టుకుని చెప్పే జవాబు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాశాను. ఇవి మా సంఘం తరఫున చెప్పే మాటలు కావు. మా ఇంట్లో జరిగేది, నాకు తెలిసినంత, నేను నమ్మినంత.

మోర్మన్లు అంటే ఎవరు? మీరు క్రైస్తవులేనా?

అవును, యేసుక్రీస్తుని నమ్ముకున్నవాళ్ళం. మా సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ దీన్ని స్థాపించారు. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథాన్ని కూడా లేఖనంగా చదువుతాం కాబట్టి జనం మోర్మన్లు అనడం మొదలుపెట్టారు. 2018 అక్టోబరులో అప్పటి అధ్యక్షులు రస్సెల్ ఎం. నెల్సన్ గారు ఆ ముద్దుపేరు వదిలి పూర్తి పేరే వాడమని కోరారు. నేను మామూలుగా అలాగే చెప్తాను. ఈ పేజీలో మాత్రం మీరు అడిగే మాటే వాడాను, లేకపోతే ఎవరి గురించో అర్థం కాదు.

తెలుగువాళ్ళలో కూడా మోర్మన్లు ఉన్నారా?

ఉన్నారు, ఉండి చాలా ఏళ్ళయింది. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉన్నప్పుడు ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి సొంతవాళ్ళకి తాము నమ్మింది చెప్పారు. ఆ కుటుంబంలో 22 మంది అప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు. మన దేశంలో మా సంఘానికి మొదటి స్టేకు, అంటే చాలా శాఖలు కలిసిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. విశాఖపట్నంలో, రాజమండ్రిలో కూడా మావాళ్ళు ఉన్నారు. చిన్నప్పుడు మేము అద్దె హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు సర్దుకుని ఆదివారం ఆరాధన చేసుకునేవాళ్ళం. ఫ్యాను గాలికి పాటల కాగితాలు ఎగిరిపోకుండా చేత్తో పట్టుకోవడం నా పని. ఇక్కడ వీధికో చర్చి కనబడినప్పుడల్లా ఆ కుర్చీలే గుర్తొస్తాయి.

మీ ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా ఉంటుంది?

5:30కి లేస్తాను. ఆ అరగంట నాది. ప్రార్థన, ఒక అధ్యాయం, గోరువెచ్చని నీళ్ళు. 6:40కి అందరం హాల్లో చేరి పది నిమిషాలు లేఖనాలు చదువుతాం. తలా రెండు వచనాలు. ఆఖరివాడు ఇంకా చదవలేడు, నేను చెవిలో చెప్తే తిరిగి అంటాడు. నడిపిదానికి సగం రోజులు నిద్ర వదలదు, దుప్పటి కప్పుకునే వస్తుంది. మొదట్లో దానికి కోప్పడేదాన్ని. ఇప్పుడు దుప్పటితోనే రానిస్తున్నాను, వచ్చి కూర్చుంటోంది కదా.

తర్వాత టిఫిన్లు, డబ్బాలు, సాక్సులు వెతకడం. మా పెద్దవాడు హైస్కూల్లో ఒక పీరియడ్ బయటికి వచ్చి పక్కనే ఉన్న మా సంఘం భవనంలో సెమినరీ అనే లేఖనాల తరగతికి వెళ్తాడు. ఈ పద్ధతి 1912లో సాల్ట్ లేక్ సిటీలో గ్రానైట్ హైస్కూల్ పక్కన మొదలైంది. యూటా బయట చాలా చోట్ల పిల్లలు దీనికోసం తెల్లవారుజామునే లేవాలి. ఆ విషయంలో మా పిల్లలు అదృష్టవంతులు.

పిల్లలు వెళ్ళాక నేను ఇంటి నుంచే ఒక చిన్న ఆఫీసుకి లెక్కలు చూస్తాను, వారానికి 20 గంటలు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది వరకు ఏ ఇంట్లో అయినా ఒకటే కథ: హోంవర్కు, పియానో, వంట, స్నానాలు. పడుకునే ముందు మళ్ళీ అందరం మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తాం.

సోమవారం సాయంత్రం పిలిస్తే మీరు ఎందుకు రారు?

ఆ సాయంత్రం కుటుంబానికి కేటాయించింది. 1915లో మా సంఘం నాయకులు వారంలో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి గడపమని చెప్పారు. 1970లో సోమవారం అని ఖాయం చేశారు. దీన్ని ఫ్యామిలీ హోమ్ ఈవెనింగ్ అంటాం. ఒక పాట, చిన్న పాఠం, ఒక ఆట, తినడానికి ఏదో ఒకటి. వంతులు ఫ్రిజ్ మీద అంటించి ఉంటాయి. పాఠం వంతు పదేళ్ళదానికి వస్తే అది బొమ్మలు గీసి మరీ చెప్తుంది. తినుబండారం వంతు పెద్దవాడిదైతే పాప్‌కార్న్ తప్ప ఇంకేమీ ఆశించకూడదు. మా ఇంట్లో ఆట మాత్రం అష్టాచెమ్మా. చింతగింజలు అమ్మ పంపింది.

టీ, కాఫీ నిజంగానే తాగరా? చుట్టాలింటికి వెళ్తే ఏం చేస్తారు?

నిజంగానే తాగం. 1833లో వచ్చిన జ్ఞాన వాక్యం అనే ఉపదేశం ప్రకారం మద్యం, పొగాకు, టీ, కాఫీ మాకు లేవు. తెలుగు ఇంట్లో ఇది కష్టమైన నియమమే. గడప దాటగానే టీ పెడతారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. మా పెద్దత్త ఇంట్లో ఎన్నో ఏళ్ళు ఈ ఇబ్బంది పడ్డాను. ఒకసారి ముందే ఫోన్ చేసి, "అత్తా, నాకు మజ్జిగ ఇవ్వు, నీ చేతి మజ్జిగ తాగి ఎన్నాళ్ళయిందో" అన్నాను. అప్పటినుంచి నేను వెళ్ళేసరికి కరివేపాకు, అల్లం దంచి వేసిన మజ్జిగ సిద్ధంగా ఉంటుంది. వద్దు అనేకంటే ఫలానాది కావాలి అని చెప్పడం మంచిది. శొంఠి పాలు, రాగిజావ, సబ్జా నీళ్ళు అన్నీ తాగుతాం.

మీలో మగవాళ్ళకి చాలామంది భార్యలు ఉంటారట?

లేదు. 19వ శతాబ్దంలో ఉండేది. 1890లో అప్పటి అధ్యక్షులు విల్ఫర్డ్ వుడ్రఫ్ గారి ప్రకటనతో ఆ పద్ధతికి స్వస్తి మొదలైంది. ఇప్పుడు ఎవరైనా అలా చేస్తే సంఘంలో ఉండనివ్వరు.

కృతజ్ఞత పుస్తకం అంటే ఏమిటి? రోజూ రాస్తారా?

ఇది నేను ఎక్కువ ఇష్టంగా చెప్పే సంగతి. 2020 నవంబరులో, కోవిడ్ మధ్యలో, నెల్సన్ గారు ఒక వీడియోలో ప్రపంచమంతటినీ ఒక పని అడిగారు. ఏడు రోజులు, రోజుకొకటి, దేనికి కృతజ్ఞులమో బయటికి చెప్పండి అని. చాలామంది సోషల్ మీడియాలో రాశారు. నేను పిల్లల పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద రాయడం మొదలుపెట్టాను. ఏడు రోజులు అయిపోయాయి, నేను ఆపలేదు. ఇప్పుడు తొమ్మిదో నోటుబుక్కు నడుస్తోంది.

నా నియమాలు రెండే. రాత్రికి మూడు విషయాలు. అవి ఆ రోజు జరిగినవే అయి ఉండాలి. "ఆరోగ్యం, కుటుంబం, ఇల్లు" అని రాయకూడదు. అలా రాస్తే వారంలో విసుగొస్తుంది, ఎందుకంటే అందులో నేను చూసింది ఏమీ లేదు. నిన్నటి పేజీ ఇది: "చిన్నోడు షూ లేసు తనే కట్టుకున్నాడు, రెండో ప్రయత్నంలో. టింపనోగస్ కొండ మీద మొదటి మంచు. ఎదురింటావిడ మా చెత్తడబ్బా కూడా లోపలికి తెచ్చిపెట్టింది." ఇంతే. రాయాలి అన్న ధ్యాస ఉంటే పగలంతా కళ్ళు వాటికోసం వెతుకుతుంటాయి. మూడేళ్ళ కిందటి పేజీ తిరగేస్తే ఆ రోజు మొత్తం కళ్ళముందుకొస్తుంది, ఏ కూర వండానో కూడా.

డైరీ రాయడం మావాళ్ళలో పాత అలవాటు. 1847లో సాల్ట్ లేక్ లోయకి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళు కూడా దారిపొడవునా రాసుకున్నారు. ఎన్ని మైళ్ళు నడిచారో, ఎవరు జబ్బుపడ్డారో, ఏ రోజు నీళ్ళు దొరికాయో. వాళ్ళ మునిమనవరాళ్ళు ఇప్పటికీ ఆ కాగితాలు తీసి చదువుకుంటారు. మా నానమ్మ రాసిన అక్షరం ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఆ లోటు నా పిల్లలకి ఉండకూడదని కూడా రాస్తున్నాను.

మనం ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెప్పం కదా. పిల్లలకి ఎలా నేర్పారు?

నిజమే. మా అమ్మకి నేనెప్పుడూ ధన్యవాదాలు అని చెప్పలేదు. చెప్పి ఉంటే "ఏమైందే నీకు" అనేది. మన ఇళ్ళల్లో ఆ మాట దూరం వాళ్ళకి చెప్పేది. దగ్గరివాళ్ళకి వేరే మాటలున్నాయి: "నీ కడుపు చల్లగా", "చల్లగా ఉండు తల్లీ", "సమయానికి దేవుడిలా వచ్చావు". అవి థాంక్స్ కంటే పెద్దవి. మా పిల్లలు ఇంగ్లీషులో రోజుకి నలభైసార్లు థాంక్యూ అంటారు, అది మర్యాద, ఉండాల్సిందే. నేను తెలుగులో అడిగేది ఇంకొకటి. ఎవరు, ఏం చేశారు, దానివల్ల నీకు ఏమైంది అని ఒక పూర్తి వాక్యం. "అక్కా, నువ్వు జడ వేశావు కాబట్టి నాకు బస్సు దొరికింది." రాత్రి భోజనం దగ్గర ఒక్కొక్కరు ఒక్క వాక్యం చెప్పాలి.

మా ప్రార్థన తీరు కూడా ఇందుకు సాయపడుతుంది. పరలోక తండ్రిని పిలిచి, ముందు కృతజ్ఞతలు చెప్పి, ఆ తర్వాతే కావలసింది అడుగుతాం. అమ్మ ఊళ్ళో "ప్రభువుకు స్తోత్రం" అని మొదలుపెట్టేది కూడా అదే వరస. చిన్నోడి స్తోత్రాల జాబితాలో పక్కింటి కుక్క ప్రతిరోజూ ఉంటుంది.

కష్టంలో ఉన్నప్పుడు కూడా కృతజ్ఞత చెప్పాలా?

దీనికి జవాబు జాగ్రత్తగా రాస్తున్నాను. 2021 మేలో నాన్న పోయారు. విమానాలు సరిగా లేవు, నేను వెళ్ళలేకపోయాను. అంత్యక్రియలు ఫోన్లో చూశాను. ఆ వారం ఒకావిడ మంచి మనసుతోనే "ఆయనతో గడిపిన రోజులకి కృతజ్ఞత చెప్పుకో" అంది. ఆ మాట నాకు రాయిలా తగిలింది. నెలన్నర పాటు నోటుబుక్కు తెరవలేదు. దేవుడి మీద కోపంగానే ప్రార్థన చేశాను, కొన్నిరోజులు అదీ చేయలేదు.

అప్పుడు ఇంకొకావిడ వచ్చింది, మా వార్డులోనే, అంటే మా పేటలోని సంఘంలోనే, డెబ్బై దాటిన మనిషి. ఏమీ చెప్పలేదు. సింకులో ఉన్న గిన్నెలన్నీ తోమి, తుడిచి, సర్ది వెళ్ళిపోయింది. తర్వాతి గురువారం మళ్ళీ వచ్చింది. అలా ఐదు గురువారాలు. నోటుబుక్కు మళ్ళీ తెరిచిన రోజు రాసింది ఒక్క ముక్క: "గిన్నెలు."

అందుకని దుఃఖంలో ఉన్నవాళ్ళకి కృతజ్ఞత గురించి నేను చెప్పను. వెళ్ళి గిన్నెలు తోముతాను. మా వార్డు ఇలాంటి పనులమీదే నడుస్తుంది. వార్డుని నడిపించే బిషప్పుకి జీతం ఉండదు, పగలు ఆయనా ఏదో ఉద్యోగం చేసుకునే మనిషే. బాలింత ఇంటికి రెండు వారాల భోజనాలకి పేర్లు రాసుకునే కాగితం గంటలో నిండిపోతుంది. మా చిన్నోడు పుట్టినప్పుడు నాకు చీజ్ వేసిన బంగాళాదుంప కూరలు తొమ్మిది వచ్చాయి. నాకు అప్పుడు కావలసింది వెల్లుల్లి కారం, వేడన్నం. అయినా ఆ తొమ్మిది గిన్నెల అడుగున అంటించిన పేర్లు ఇప్పటికీ చెప్పగలను.

నలుగురు పిల్లలతో చదువుకోవడానికి టైమ్ ఎక్కడిది?

ఉంది. రాత్రి 8:45 నుంచి 9:30 వరకు. పిల్లలు పడుకోవాలి, లేదా వాళ్ళూ చదువుకోవాలి. ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంటుంది. మొదట్లో ఆ ముప్పావు గంట కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు ఉండేది. బట్టలు మడతపెట్టాలి, రేపటి పప్పు నానబెట్టాలి అని టెన్షన్. పెళ్ళయిన కొత్తలో అయితే పుస్తకం పట్టుకుని కనబడితే "పనేం లేదా" అని అడిగేవాళ్ళు ఉంటారని భయం, అది మన ఆడవాళ్ళందరికీ తెలిసిన భయమే.

నా మనసు మార్చింది మా పాత ఆడవాళ్ళ చరిత్ర. మా సంఘంలో స్త్రీల సంస్థ రిలీఫ్ సొసైటీ 1842 మార్చి 17న ఇలినాయ్ రాష్ట్రంలోని నావూలో మొదలైంది. యూటా వచ్చాక ఈ ఆడవాళ్ళు 1872 నుంచి 1914 వరకు సొంతంగా ఒక పత్రిక నడిపారు. రాసేదీ, దిద్దేదీ వాళ్ళే. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో రిలీఫ్ సొసైటీ పాఠాల్లో సాహిత్యం ఒక భాగం. ఆవు పాలు పితికి, వెన్న తీసి, పదిమంది పిల్లల బట్టలు కుట్టిన మనుషులు నెలకోసారి కూర్చుని కవిత్వం గురించి మాట్లాడుకున్నారు. మార్తా హ్యూస్ కానన్ అనే ఆవిడ డాక్టరు, తల్లి, 1896లో అమెరికాలోనే మొదటి మహిళా రాష్ట్ర సెనేటరుగా ఇక్కడినుంచే గెలిచారు. వీళ్ళ గురించి తెలిశాక నా ముప్పావు గంటకి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవడం మానేశాను.

బట్టలు మడతపెట్టేటప్పుడు ఆడియో పుస్తకాలు వింటాను. అది లెక్కలోకి వస్తుందా అని అడిగేవాళ్ళకి: మా తాతకి చూపు తగ్గాక నాన్న నవలలన్నీ చదివి వినిపించేవారు. తాత వాటిని చదివినట్టే చెప్పేవారు.

మతానికి సంబంధించిన పుస్తకాలే చదువుతారా? నిషేధం ఏమైనా ఉందా?

నిషేధాల జాబితా అంటూ మాకు లేదు. 1832 చివర్లో వచ్చిన ఒక ఉపదేశంలో "శ్రేష్ఠమైన పుస్తకాల్లో" జ్ఞానాన్ని వెతకమనే అర్థంలో ఒక వచనం ఉంది. ఏది శ్రేష్ఠం అన్నది ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. నేను డిటెక్టివ్ నవలలు బాగా చదువుతాను. వైద్యుల జ్ఞాపకాలు, ప్రయాణాల పుస్తకాలు, వంటల చరిత్ర. హింసని రుచిగా వడ్డించే పుస్తకం అయితే యాభై పేజీల దగ్గర మూసేస్తాను. దుఃఖం ఎంత ఉన్నా మూయను.

తెలుగు కథలు లేకపోతే నాకు ఊపిరాడదు. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ ఒక ఆదివారం సాయంత్రం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య గడుపుతాను. ఆదివారం మేము కొనడం, అమ్మడం చేయం. కాబట్టి ఆ రోజు చూసి గుర్తుపెట్టుకుని, వారంలో ఇంకో రోజు కోఠీ వెళ్ళి కొనుక్కుంటాను. సూట్‌కేసులో ఆరేడు కిలోలు పుస్తకాలకే. ఆవకాయకి, వాటికి మధ్య ప్రతిసారీ పోటీ.

ఇక్కడ పిల్లలకి చదివే అలవాటు ఎలా చేశారు?

లైబ్రరీ వల్ల. ప్రోవో లైబ్రరీ ఉన్న భవనం 1892లో కట్టిన పాత విద్యాలయం. పాడుబడిపోయి కూల్చేసే పరిస్థితి నుంచి ఊరివాళ్ళు కాపాడుకుని, బాగుచేసి, 2001లో లైబ్రరీగా తెరిచారు. శనివారం పొద్దున మా గమ్యం అదే. ఒక్కొక్కరికి ఒక్కో సంచి, ఎవరి సంచి వాళ్ళే మోసుకోవాలి. ఏం తీసుకున్నావని నేను ఆపి అడగను, తర్వాత అదే పుస్తకం నేనూ చదువుతాను.

తెలుగు మాత్రం గట్టిగా చదివి వినిపించాలి. పెద్దవాళ్ళిద్దరూ చదవగలరు, నెమ్మదిగా. చిన్నవాళ్ళకి నేనే చదువుతాను, మధ్యలో ఆగి "తర్వాత ఏమైందంటావు" అని అడుగుతాను. వాళ్ళు చెప్పే కథే ఒక్కోసారి అసలు దానికంటే బాగుంటుంది.

మీ పుస్తకాల గుంపులో తెలుగు పుస్తకాలు కూడా మాట్లాడతారా?

వార్డులో ఎనిమిది, తొమ్మిది మంది ఆడవాళ్ళం నెలకోసారి ఒకరింట్లో కలుస్తాం. మా ఇంటి వంతు వచ్చినప్పుడు ఒకసారి ఒక తెలుగు కథని పుస్తకంలో చూస్తూ అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పాను. గోదావరి వరదలో ఇల్లు మునిగిన ముసలామె కథ. "ఎంగిలి" అన్న మాట దగ్గర ఆగిపోయాను, దానికి ఇంగ్లీషులో మాట దొరకలేదు. పది నిమిషాలు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ రోజు నుంచి ఏడాదికి ఒక నెల తెలుగుకి ఇచ్చారు.

ఏడాదికి సరిపడా సరుకులు దాచుకుంటారని విన్నాం?

కష్టకాలానికి నిల్వ ఉంచుకోమని మాకు చెప్తారు, ఎవరి వీలుని బట్టి వాళ్ళు. మా నేలమాళిగలో గోధుమలు, బియ్యం, కందిపప్పు, చింతపండు, బెల్లం. ఊళ్ళో తాతల కాలంలో గాదెలు, కుండలు ఉన్నట్టే. వేసవి చివర బ్రిగమ్ సిటీ వైపు పండే పీచ్ పళ్ళు తెచ్చి పదిమంది కలిసి సీసాల్లో పడతాం. ఆ సీసాల పక్కనే నా గోంగూర పచ్చడి ఉంటుంది.

పెద్దబ్బాయి మిషన్‌కి వెళ్తాడా? రెండేళ్ళు ఎలా వదిలి ఉంటారు?

మిషన్ అంటే ఇల్లు వదిలి వేరే చోట ఉండి మా సంఘం తరఫున మేము నమ్మింది చెప్పడం, సేవ చేయడం. వెళ్తానంటున్నాడు, వచ్చే ఏడాది. ఎక్కడికి పంపుతారో ఉత్తరం వచ్చేదాకా తెలియదు. రెండేళ్ళు. మా వీధిలో పెద్దావిడ కొడుకులు వెళ్ళిన రోజుల్లో ఏడాదికి రెండే ఫోన్లు: క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. ఆవిడ ఫోన్ పక్కన మాట్లాడాల్సినవి రాసిపెట్టుకునేదట, మోగగానే ఏడుపొచ్చి అన్నీ మరిచిపోయేదట. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడుకోనిస్తున్నారు. నేను ఎలా ఉంటానో వాడు వెళ్ళాకే తెలుస్తుంది. ప్రస్తుతానికి వాడికి చారు పెట్టడం, చొక్కా ఇస్త్రీ చేయడం నేర్పుతున్నాను.

మేము మీ మతం వాళ్ళం కాదు. మీ ఇంటికి రావచ్చా? పుస్తకాలు ఇస్తారా?

తప్పకుండా రండి. వచ్చిన మనిషికి మతం గురించి అడగకుండా నేను చెప్పను, అడిగితే దాచను. గుమ్మం పక్కన ఒక అర నిండా తెలుగు పుస్తకాలున్నాయి. పక్కన దారంతో కట్టిన చిన్న నోటుబుక్కు ఉంటుంది, పేరు, తేదీ రాసి తీసుకెళ్ళండి. సోమవారం సాయంత్రం తప్ప ఎప్పుడైనా సరే. టీ ఉండదు, మజ్జిగ ఉంటుంది.